దూకే లైన్లు

“మళ్ళీ దూకిందమ్మాయ్!”

పూజగదిలోంచి తండ్రి పెట్టిన ఆ కేకకి వంటింట్లో నాగశ్రీ చేతిలోని పాలగిన్నె సగం స్టవ్ మీదే ఒలికిపోయింది. ఒలికితే ఒలికింది, తుడిచే ఓపిక ఎవరికుంది! గ్యాస్ కట్టేసి, చేతులు కొంగుకి తుడుచుకుంటూ పరిగెత్తింది. పొద్దుట్నుంచీ ఆ కేక ఎన్నిసార్లు విన్నదో ఆమెకే తెలియదు. నోట్లో ముద్ద పెట్టుకోనివ్వడు, బాత్రూంలోకి వెళ్తే తలుపు గడియ పెట్టుకోనివ్వడు. ఈలోపే దూకుతుంది ఆ దిక్కుమాలిన పేజీ.

గదిలో ఆమె తండ్రి దశరథరామయ్య పీట మీద కూర్చుని ఉన్నాడు. ఎదురుగా ఎత్తుపీట మీద, పుస్తకం ఉండాల్సిన చోట, నాగశ్రీ లాప్‌టాప్ ఉంది. తెర మీద అక్షరాలు ఒక్కొక్కటి గారె అంత ఉన్నాయి. అంత లావున ఉంటే తప్ప ఆయనకి ఆనవు. షుగరు ఆ కళ్ళని ఎప్పుడో తినేసింది. అక్షరాలు అంతంత ఉంటే తెర మీద పట్టేది రెండు లైన్లే. ఆ రెండూ చదివి, వణికే వేళ్ళు రెండు టచ్‌ప్యాడ్ మీద ఆనించి జరిపాడా, పేజీ నెమ్మదిగా జారదు. ఒక్క ఊపున మూడు లైన్లు ఎగిరి అవతల పడుతుంది. మధ్యలో ఒక లైను ఆయన కంటపడకుండానే పోతుంది.

“ఒకటి పోయింది,” అన్నాడాయన, ఇంట్లో దొంగలు పడ్డట్టు మొహం పెట్టి. “వెనక్కి తియ్యి. అధ్యాయం మొదటికి తియ్యి.”

“ఆ ఒక్క లైనే చూపిస్తా నాన్నా, మొదటికెందుకు?”

“తియ్యమంటే తియ్యి.”

నాగశ్రీ పళ్ళు బిగపట్టి తెర అంచున ఉన్న సన్నటి పట్టీని పట్టుకుని పైకి లాగింది. పొద్దుట చదివినదంతా వెనక్కి పరిగెత్తింది. ఆమెకి ఏడుపొచ్చింది.

ఎందుకు రాదు మరి! అవతల నందిగామ ఆస్పత్రిలో తల్లి రత్తమ్మ ముక్కుకి ఆక్సిజన్ పెట్టుకుని రోజులు లెక్కబెడుతోంది. జగ్గయ్యపేటలో బస్సెక్కి కాస్త కునుకు తీసేలోపు నందిగామ వచ్చేస్తుంది. అంత దగ్గర్లో ఉన్న తల్లిని నాగశ్రీ చేర్పించిన రోజు చూడటమే, మళ్ళీ చూడలేదు. ఈ పేజీ పక్కన కాపలా కూర్చోవడమే సరిపోయింది.

దశరథరామయ్య రిజిస్ట్రారు ఆఫీసు ఎదుట రేకుల షెడ్డులో బల్ల వేసుకుని జీవితమంతా దస్తావేజులు రాసిన మనిషి. రాయడం ఒక ఎత్తు, రాసింది అమ్మేవాడికీ కొనేవాడికీ చదివి వినిపించడం ఇంకో ఎత్తు. మధ్యలో ఎవడైనా దగ్గి ఒక మాట వినపడకపోతే ఆయన కళ్ళజోడు సర్దుకుని మళ్ళీ మొదట్నుంచీ అందుకునేవాడు. పార్టీలు లోపల్లోపల తిట్టుకుంటూ దగ్గు ఆపుకుని కూర్చునేవాళ్ళు. ఒక్క లైను వినకుండా వేలిముద్ర వెయ్యకూడదని ఆయన పట్టు. ఇప్పుడు దేవుడు కూడా ఆయనకొక పార్టీ అయ్యాడు. రత్తమ్మ బతకాలని సంకల్పం చెప్పుకుని పారాయణకి కూర్చున్నాడు. అందులో ఒక్క లైను జారినా పైవాడు కాగితం కొట్టేస్తాడని భయం.

పోనీ ఇంకొకరు చదివిపెడితే? కుదరదు. సంకల్పం చెప్పుకున్న నోటితోనే, ఆ కళ్ళతోనే చదవాలి. మౌసు పెట్టుకుంటే? చెయ్యి వణికి బాణం గుర్తు తెరంతా తిరిగొచ్చింది. కీ నొక్కితే? వేలు రెండుసార్లు పడి ఇంకా దూరం దూకింది. పోనీ కొడుకు కిషోర్‌బాబు తన లాప్‌టాప్ ఇస్తానన్నాడు కదా? అదీ కుదరదు. ఊళ్ళో పారాయణ చేసేవాళ్ళు పూటకింత చదివి, గుర్తు పెట్టి, పుస్తకం మూసి లేస్తారు. ఈ ఇంట్లో అలా కాదు. దశరథరామయ్య తండ్రి నాటినుంచీ, సంకల్పం చెప్పి తెరిచిన పుస్తకం ముగిసేదాకా మూయరు, మార్చరు. రాత్రిళ్ళు తెరిచిన పుస్తకం మీదే పట్టుగుడ్డ కప్పుతారు. ఇప్పుడు ఆ పట్టుగుడ్డ లాప్‌టాప్ మీదికి వచ్చింది. మూత వాల్చకూడదు, కట్టెయ్యకూడదు. కరెంటు పోతే ఇన్వర్టరు, అది కూడా మొరాయిస్తే ఏమవుతుందో అని నాగశ్రీ గుండెలు అరచేతిలో పెట్టుకుని బతుకుతోంది.

ఫోను మోగింది. నందిగామ నుంచి అన్న కిషోర్‌బాబు.

“నాగా, అమ్మ మళ్ళీ అడుగుతోందే. ఎప్పుడొస్తావు?”

“వస్తానన్నయ్యా. ఇది కాస్త తిన్నగా జారేట్టు చేసి నాన్న చేతిలో పెడితే చాలు, తనంతట తనే చదువుకుంటాడు. ఆ క్షణమే బయల్దేరతా.”

“ఇంకా ఆ లాప్‌టాపేనా! డాక్టరు ఏమన్నాడో తెలుసా? గుండె ఇంక ఎక్కువ లాగదంట. చూసేవాళ్ళుంటే వచ్చి చూసిపొమ్మన్నాడు. ఆయనగారెటూ కదలడు. నువ్వన్నా రావే.”

“నాన్నని ఇట్టా వదిలేసి ఎట్టా రాను?”

“ఆయనకేమన్నా అయిద్దని భయపడతావు, అమ్మకి అయ్యేది కనపడట్లేదా నీకు?” అని అతను ఫోన్ పెట్టేశాడు.

కనపడకేం! నిన్న అలాగే తెగించి చెప్పులేసుకుని గేటు దాకా వెళ్ళింది. లోపల్నుంచి ఏడుపు వినపడింది. తండ్రి నోరు తెరిచి ఏడవటం ఆమె పుట్టి బుద్ధెరిగాక వినలేదు. చెప్పులు విడిచి వెనక్కి వచ్చేసింది. మొగుడు భవానీప్రసాద్‌ని కూర్చోమందామంటే అతనికి ముక్త్యాల సిమెంటు ఫ్యాక్టరీలో షిఫ్టు. సెలవు పెట్టి ఒకపూట కూర్చున్నాడు కూడా. పేజీ వెనక్కి లాగడంలో తడబడితే మామగారు పెట్టిన కేకలకి నోరెత్తకుండా లేచి వెళ్ళిపోయాడు పాపం.

కాబట్టి దారి ఒక్కటే. పేజీ జారాలి. రెండు వేళ్ళు ఎంత జరిగితే అంతే జారాలి, వేళ్ళు ఆగితే ఆగాలి. లోకంలో అందరి లాప్‌టాప్‌లూ చేసే పనే కదా అది! దీనికేం రోగం?

ఆ లాప్‌టాప్‌లో ఉన్నది విండోస్ కాదు, లినక్స్. పాత మిషను బరువు మొయ్యలేక మూలుగుతుంటే, నందిగామలో ఒక కాలేజీ కంప్యూటర్ ల్యాబ్‌లో పనిచేసే స్టీవెన్ దాన్ని ఎక్కించి ఇచ్చాడు. నాగశ్రీ ఒకప్పుడు ఆ కాలేజీ ఆఫీసులో టైపు చేసేది, అప్పటి పరిచయం. ఎక్కించాక మిషను చకచకా నడిచింది. ఇంట్లో కూర్చుని దస్తావేజులూ కోర్టు కాగితాలూ టైపు చేసుకునే ఆమెకి పేజీ దూకితే ఏం, జారితే ఏం? ఇన్నేళ్ళూ ఆమె దాన్ని పట్టించుకున్న పాపాన పోలేదు. ఇప్పుడు అదే ఆమె పీక మీదికి వచ్చింది.

మధ్యాహ్నం తండ్రి కాసేపు నడుము వాల్చినప్పుడల్లా ఫోన్లో వెతికేది, వెతికింది లాప్‌టాప్‌లో చేసి చూసేది. ఎవరెవరో ఎక్కడెక్కడో ఇదే ఏడుపు ఏడ్చి ఉన్నారు. ఒకడు ఈ సెట్టింగ్ మార్చమంటాడు, ఇంకొకడు అది అస్సలు ముట్టుకోవద్దంటాడు. బ్రౌజర్‌లో ‘మెత్తటి స్క్రోలింగ్’ అని ఒక టిక్కు కనపడితే ఎగిరి గంతేసి పెట్టింది. అది పెట్టాక ఆ మూడు లైన్లూ మెత్తగా దూకాయి, అంతే తేడా! ఒకడి మాట నమ్మి టచ్‌ప్యాడ్ నడిపే సాఫ్ట్‌వేరే మార్చింది. వేళ్ళు ఆనిస్తే చలనం లేదు, టచ్‌ప్యాడ్ మొత్తం చచ్చి ఊరుకుంది. పక్కగదిలో తండ్రి దగ్గు వినపడుతోంది, లేచి వస్తున్నాడు. కీబోర్డుతోనే తడుముకుంటూ పాతదాన్ని తిరిగి పెట్టి, పట్టుగుడ్డ కప్పి, ఏమీ ఎరగనట్టు పక్కన కూర్చుంది.

రెండ్రోజుల కిందట సిగ్గు విడిచి స్టీవెన్‌కే ఫోన్ చేసింది. అతను ఒక లైను కోడు పంపాడు. అది ఫలానా ఫైల్లో అతికించమన్నాడు. అతికించింది. ఏమీ కాలేదు. ఇవాళ మళ్ళీ చేసింది.

“ఇంకా దూకుతోందయ్యా స్టీవెన్. నా ప్రాణాలు తోడేస్తోంది.”

“అట్టా దూకకూడదే అక్కా. ఆ బ్రౌజరు నీ టచ్‌ప్యాడ్‌ని మౌస్ చక్రం అనుకుంటోంది. చక్రం ఒక్క పన్ను తిరిగితే మూడు లైన్లు. వేలు ఎంత జరిగిందో చూడవే అని దానికి చెప్పటమే ఆ లైను పని. స్పెల్లింగు తేడా లేదు కదా?”

“అచ్చుతప్పు లేదు. నా చేతిలో ఆ తప్పు రాదు.”

“మరి లాగౌట్ అయ్యి లాగిన్ అయ్యావా?”

నాగశ్రీ పూజగది వైపు చూసింది.

“అక్కా?”

“అవ్వలేదు. అవ్వాలా?”

“అవ్వకపోతే ఎట్టా? ఆ ఫైలుని అది లోపలికి వచ్చేటప్పుడు ఒక్కసారే చదివిద్ది. బయటికి పోయి మళ్ళీ రావాలి. పోనీ మిషను మొత్తం ఆపేసి పెట్టినా సరే. ఎన్నాళ్ళయింది ఆపి?”

“పారాయణ మొదలుపెట్టినప్పట్నుంచీ ఆపలేదు.” ఆమెకి నవ్వొచ్చింది, అంతలోనే కళ్ళు నిండాయి. “ఆపకూడదయ్యా. పుస్తకం మూయకూడదు మా ఇంట్లో.”

వేళాకోళం చేస్తాడేమో అనుకుంది. అతను చెయ్యలేదు.

“అయితే అక్కా, అది ఎప్పుడో బాగైంది. నువ్వు ఒక్కసారి మూసి తెరవటమే తక్కువ,” అన్నాడు.

నాగశ్రీ నేరుగా తండ్రి దగ్గరికి వెళ్ళింది. దాచడం ఎందుకు, చెప్పి ఒప్పిద్దాం అనుకుంది. పక్కన కూర్చుని, చిన్నపిల్లాడికి చెప్పినట్టు చెప్పింది. ఒక్క నిమిషం ఆపి పెడితే పేజీ నూనెలా జారుతుంది, నీ అంతట నువ్వే చదువుకోవచ్చు, నేనొక్కసారి అమ్మని చూసొస్తా.

“మూయటమా?” అన్నాడాయన.

“మూయటం కాదు. లోపల్లోపల ఒకసారి—”

“తెర నల్లబడిద్దా, బడదా?”

“బడిద్ది. ఒక్క నిమిషం.”

“అది మూయటమే. మా నాన్న నాకేం చెప్పాడో నీకు తెలవదు. సగంలో పుస్తకం మూస్తే ఎవరికోసం తెరిచామో వాళ్ళని మూసినట్టే. మీ అమ్మని చంపుతావా?”

“నేనా? నేను చంపుతున్నానా అమ్మని?” నాగశ్రీ గొంతు తెగేలా అరిచింది. అలా అరవగలనని ఆమెకే తెలియదు. “అమ్మ అక్కడ నన్ను చూడాలని కళ్ళు కాయలు కాచేలా చూస్తోంది! నిన్ను అడుగుతోంది! బస్సెక్కితే అరగంట దూరం. ఇన్నాళ్ళలో ఒక్కసారి వెళ్ళావా నువ్వు? నేనేమో నీకు పేజీలు తిప్పే పనిమనిషినైపోయా. అమ్మ పోతే? నేను ఇక్కడ లైన్లు లాగుతుంటే అక్కడ అమ్మ పోతే, ఆ ఉసురు ఎవరికి నాన్నా?”

ఆయన తలెత్తలేదు. తెర మీద ఆ రెండు లైన్లకేసి చూస్తూ కూర్చున్నాడు.

“మూయొద్దు,” అన్నాడు చివరికి, చాలా చిన్నగా. “నీ కాళ్ళు పట్టుకుంటా.”

తండ్రి నోట ఆ మాట వినలేకపోయింది నాగశ్రీ. లేచి పెరట్లోకి వెళ్ళి, నీళ్ళ పంపు తిప్పి, ఆ చప్పుడులో కడుపారా ఏడ్చింది.

సాయంత్రం పూట పారాయణకి ముందు ఆయన మళ్ళీ తలస్నానం చేస్తాడు. చూపు సరిగ్గా ఆనని మనిషి కాబట్టి ఆ స్నానం, ఆ మడిపంచె కట్టుకోవడం బాగా నిదానం. బాత్రూం తలుపు మూసుకున్న చప్పుడు వినగానే నాగశ్రీ పూజగదిలోకి వెళ్ళింది. వెళ్ళాక కూడా కాసేపు నిలబడిపోయింది. కంప్యూటర్ల మీద బతికే మనిషి, ఒక బొత్తాం నొక్కితే మనిషి ప్రాణం పోతుందని నమ్ముతుందా? నమ్మదు. నమ్మదు గానీ చెయ్యి మాత్రం ముందుకు పోలేదు. చిన్నప్పట్నుంచీ విన్న మాట కదా, నరాల్లో ఎక్కడో దిగబడి ఉంది. ‘అమ్మా, నీకోసమేనే’ అనుకుని, పట్టుగుడ్డ తీసి, లాగౌట్ నొక్కింది.

తెర నల్లబడింది.

సరిగ్గా అప్పుడే చేతిలో ఫోను వణికింది. అన్న.

నాగశ్రీ ఎత్తలేదు. తెర మీద ఇంకా ఏమీ రాలేదు. ఫోను వణుకుతూనే ఉంది. అయిపోయింది, చంపేశాను, నా చేతుల్తో నేనే, అనుకుంది. పీట మీద కూలబడింది. ఎత్తకపోతే ఆ మాట వినక్కర్లేదన్నట్టు ఫోనుకేసే చూస్తూ ఉండి, ఆఖరి క్షణంలో ఎత్తింది.

“ఇదిగో, అమ్మ మాట్లాడతానంటోంది,” అన్నాడు కిషోర్‌బాబు.

“నాగా…” మాస్కు పక్కకి జరిపినట్టుంది, గాలి బుసబుసమంటోంది. “ఏం చేస్తన్నావే?”

“అమ్మా!” నాగశ్రీ ఫోనుని చెవికి అదుముకుంది. “ఏం లేదమ్మా. వస్తున్నా. ఎట్టా ఉంది నీకు?”

“ఉన్నాలే. మీ నాన్న తింటన్నాడా?”

“తింటున్నాడు.”

“ఆ కళ్ళతో ఏం చదువుతాడే ఇంకా. చదివింది చాలు, ఒకసారి ఇటు రమ్మని చెప్పు.” ఆయాసం మాటకి అడ్డొచ్చింది. కాసేపటికి మళ్ళీ, “నేను కోప్పడనులే అని చెప్పు,” అంది.

ఫోన్ పెట్టేశాక చూస్తే తెర ఎప్పుడో వెలిగి ఉంది, పాస్‌వర్డ్ అడుగుతూ. గబగబా కొట్టింది. బ్రౌజరు తెరిచింది. పారాయణ ఫైలు తెరిచి, తండ్రి ఆపిన చోటు వెతికి, అక్షరాలు గారెలంత చేసి, రెండు వేళ్ళు ఆనించి జరిపింది.

జారింది! వేళ్ళు ఎంతో పేజీ అంత. సగం లైను జరిపితే సగం లైనే. ఆపితే ఆగింది, పైకి జరిపితే పైకి వచ్చింది. గోడ మీద బల్లి పాకినట్టు సన్నగా, నిదానంగా. నాగశ్రీ పిచ్చిదానిలా కిందికీ పైకీ, కిందికీ పైకీ జరుపుతూ కూర్చుంది. ఒక్క లైను! రెండ్రోజులుగా ఆ ఒక్క లైను ఫైల్లో పడి ఉంటే, తను తల గోడకేసి కొట్టుకుంది.

దశరథరామయ్య తడిజుట్టుతో, మడిపంచెతో వచ్చి పీట మీద కూర్చున్నాడు. వేళ్ళు ఆనించాడు. జరిపాడు. ఆయన కనుబొమ్మలు పైకి లేచాయి.

“ఏం చేసావే?”

“స్టీవెన్ చెప్పింది చేసా. బాగైంది నాన్నా. ఇంక నేను పక్కన ఉండక్కర్లేదు. చదువుకో.”

ఎలా చేసిందో ఆయన అడగలేదు, ఆమె చెప్పలేదు. ఆయన గొంతు విప్పి అందుకున్నాడు. ఒక లైను, దాని తర్వాతి లైను, ఎక్కడా తెగకుండా, కేక లేకుండా చదువు సాగిపోతోంది. నాగశ్రీ గబగబా సంచీలో తల్లి చీర ఒకటి, దువ్వెన, కొబ్బరినూనె సీసా పడేసింది. మొగుడికి ఫోన్ చేసి త్వరగా రమ్మంది. ఆమెకి ఎగరాలని ఉంది. చెప్పులేసుకుని, ఒక్కసారి చూసి వెళ్దామని పూజగది గుమ్మం దగ్గరికి వచ్చి ఆగింది.

తండ్రి గొంతు ఆగిపోయి ఉంది. వేళ్ళు మాత్రం కదులుతున్నాయి. ఆయన పేజీని పైకి జరుపుతున్నాడు. వెనక్కి, ఇంకా వెనక్కి, నిదానంగా అధ్యాయం మొదటికి తీసుకెళ్ళి, అక్కడ్నుంచి మళ్ళీ చదవడం మొదలుపెట్టాడు. చివరి దాకా వచ్చాడు. ఆగాడు. మళ్ళీ వేళ్ళు పైకి.

“దూకిందా నాన్నా?”

ఆయన ఉలిక్కిపడ్డాడు. “ఆ, దూకింది. ఒక లైను పోయింది.”

“దూకలేదు. నేను ఇక్కడే నిలబడి చూస్తున్నా.”

నాగశ్రీ చెప్పులతోనే లోపలికి వచ్చేసింది, మడీ గిడీ గుర్తు లేదు ఆమెకి.

“దూకకపోతే ఎందుకు వెనక్కి తీస్తున్నావు?”

“ఇంకెంతో లేదే,” అన్నాడు దశరథరామయ్య. “ఇట్టా జారతా పోతే ఈ పూటకే అయిపోద్ది. అయిపోయాక? అయిపోయాక నేనేం చెయ్యాల? ఇది నడుస్తున్నంత సేపూ ఆమెకేం కాదు అనుకున్నా. దాన్ని మూయకుండా ఉంచితే… అధ్యాయం మళ్ళీ మొదటికి తీస్తే ఇంకో పూట వచ్చిద్ది కదా అని.”

“అంటే ఇన్నాళ్ళూ కావాలనే నన్ను…”

“ముందు నిజంగానే దూకేది. ఒట్టు. ఆ తర్వాత నాకు తెలవదమ్మా. దూకితే బాగుండు అనిపించేది.”

నాగశ్రీకి కోపం నషాళానికి అంటింది. ఇన్నాళ్ళు! నిన్న గేటు దాకా వెళ్ళి తను వెనక్కి వచ్చేయడం! నోటికొచ్చినట్టు తిట్టేద్దామని నోరు తెరిచింది. కానీ ఎదురుగా పీట మీద తడిజుట్టుతో, ఏం చూడాలో తెలియని కళ్ళతో కూర్చున్న ఆ మనిషిని చూస్తే తిట్టు నోట్లోనే ఆగిపోయింది. ఆమె కింద కూర్చుంది.

“నాన్నా, ఒక మాట చెప్తా. నువ్వు స్నానానికి వెళ్ళినప్పుడు నేను దీన్ని మూసేసా.”

ఆయన చెయ్యి టచ్‌ప్యాడ్ మీంచి జారి కింద పడింది.

“తెర నల్లబడింది. ఆ నల్లగా ఉన్నప్పుడే ఫోను మోగింది. అమ్మే మాట్లాడింది. నువ్వు తింటున్నావా అని అడిగింది. చదివింది చాలు, ఒకసారి ఇటు రమ్మని చెప్పమంది.”

“మూసి ఉన్నప్పుడా?”

“మూసి ఉన్నప్పుడే. కోప్పడను అని కూడా చెప్పమంది.”

దశరథరామయ్య చాలాసేపు ఆ తెర వెలుగులో కదలకుండా కూర్చున్నాడు. పెదవులు మాత్రం కదిలాయి, చదువుతున్నాడో, ఇంకేమన్నా అనుకుంటున్నాడో నాగశ్రీకి తెలియలేదు. తర్వాత రెండు చేతులూ చాచి, తడుముకుంటూ మూత అంచు పట్టుకుని, మెల్లగా వాల్చేశాడు.

“పంచె మార్చుకుంటా ఉండు,” అన్నాడు.

బస్సులో ఆయన్ని కిటికీ పక్కన కూర్చోబెట్టింది. చిల్లకల్లు టోల్‌గేటు దగ్గర లారీల వరసలో బస్సు ఆగిపోతే, “వచ్చేశామా?” అని అడిగాడు, అంతే. నాగశ్రీ చెయ్యి మాత్రం వదల్లేదు. నందిగామలో దిగి ఆటో ఎక్కి ఆస్పత్రి మెట్ల దగ్గరికి వచ్చేసరికి ఆయన కాళ్ళు మొరాయించాయి. కిషోర్‌బాబు కిందికి వచ్చి, తండ్రిని చూసి, ఒక రెక్క తను పట్టుకున్నాడు.

రత్తమ్మ మంచం మీద తల ఎత్తుగా పెట్టుకుని పడుకుని ఉంది. సగానికి సగం అయిపోయింది మనిషి. నాగశ్రీ తల్లి పాదాలు పట్టుకుని వాటి మీద మొహం ఆనించేసింది. పాదాలు చల్లగా ఉన్నాయి.

“వచ్చావా నాగా,” అంది రత్తమ్మ. తర్వాత ఆమె చూపు వెనక నిలబడ్డ మనిషి మీదికి వెళ్ళింది. మాస్కు కాస్త జరుపుకుంది. “మీరొచ్చారా? అయిందా పారాయణ?”

“కాలేదు. ఇంకాస్త మిగిలింది. మూసేసా.”

“మూసేశారా!” రత్తమ్మకి నిజంగానే ఆశ్చర్యం వేసింది. “ఇన్నాళ్ళూ ఎందుకు రాలేదండీ మరి? పిల్లనన్నా పంపలేదే?”

నాగశ్రీ తలెత్తి ఏదో సర్దిచెప్పబోయింది. తండ్రి ఆమె భుజం మీద చెయ్యి వేసి ఆపాడు.

“నేనే పంపలేదు రత్తం. నేనే రాలేదు.” ఆయన మంచం పట్టీ తడుముకుంటూ దగ్గరికి వచ్చాడు. “భయమేసింది.”

రత్తమ్మ ఊపిరి కూడగట్టుకోవడానికి కాసేపు పట్టింది.

“నాకూ భయంగానే ఉందండీ,” అంది. “అందుకేగా రమ్మంది.”

కిషోర్‌బాబు స్టూలు తెచ్చి వేశాడు. దశరథరామయ్య దాని మీద కూర్చుని, భార్య మొహం కనపడేంత దగ్గరికి వంగాడు.